గురికి తగిన అద్దం

.22 రైఫిల్‌కు స్కోప్ కొనడానికి జేబు ఖాళీ చేసుకోనక్కర్లేదు. ఆ చిన్న తూటా స్వభావం తెలుసుకుంటే చాలు.

అమెరికాలో తుపాకీ పేల్చడం నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది చేతికి మొదట అందేది .22 రైఫిలే. స్కౌట్ శిబిరాల్లో పిల్లలకు గురి నేర్పేది దానితోనే. ఆకురాలు కాలంలో ఉడుతల వేటకు వెళ్లే పల్లెటూరి తాత భుజాన ఉండేదీ అదే. 1887లో జె. స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన .22 లాంగ్ రైఫిల్ తూటాకు నూట ముప్ఫై ఏళ్లు దాటినా ఆదరణ తగ్గలేదు. చప్పుడు తక్కువ, భుజాన్ని తన్నదు, తూటా చవక. 1964లో వచ్చిన రూగర్ 10/22 లాంటి రైఫిళ్లు ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉన్నాయి.

ఆ రైఫిల్ కొన్నాక చాలామంది మనసు స్కోప్ మీదికి పోతుంది. తికమక మొదలయ్యేది అక్కడే. షాపు అరలో ఒకేలా కనిపించే నల్లటి గొట్టాలు వరసగా పేర్చి ఉంటాయి. ఒకదాని ధర 50 డాలర్లు, దాని పక్కదానిది 150, ఆ పైదానిది 300. ఇంకా పైకి వెళితే వెయ్యి కూడా దాటుతుంది. రైఫిల్‌కే మూడు నాలుగు వందలు పెట్టిన మనిషి దేన్ని ఎంచుకోవాలి? తక్కువదాన్ని కొంటే మోసపోతామేమోనని భయం. ఎక్కువదాన్ని కొనడానికి చేయి రాదు. చివరికి అట్టపెట్టె మీద పెద్ద అంకెలున్నదాన్ని చూసి, ఎక్కువ దగ్గరగా చూపించేదే మంచిదనుకుని కొనేస్తారు. ఇంటికి వెళ్లి పేల్చి చూస్తే గురి కుదరదు.

.22కి మంచి స్కోప్ అంటే .22 కోసమే తయారైన స్కోప్. ధర ఆ తర్వాతి సంగతి. ఈ ఒక్క మాట పట్టుకుంటే వంద, నూటయాభై డాలర్లలోనే ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసే స్కోప్ దొరుకుతుంది.

అందరికీ అందిన గొట్టం

తుపాకీ మీద దూరదర్శిని పెట్టాలన్న ఆలోచన పాతదే. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ 1855లోనే అలాంటి గొట్టాలు తయారుచేయడం మొదలుపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో గురికాళ్లు బ్యారెల్ పొడవునా అమర్చుకున్న సన్నటి గొట్టాలు ఆ తరానివే. కానీ చాలాకాలం పాటు స్కోప్ అంటే సైన్యానికీ సంపన్నులకూ చెందిన వస్తువుగానే ఉండిపోయింది.

దాన్ని మామూలు మనిషికి చేరువ చేసినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు విలియం వీవర్. 1930లో అతను 3-30 అనే స్కోప్‌ను 19 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. మూడేళ్ల తర్వాత టెక్సస్‌లోని ఎల్ పాసోకు మకాం మార్చి తయారీని పెంచాడు. తర్వాతి దశాబ్దాల్లో వీవర్ బి4, సి4 వంటి ముప్పాతిక అంగుళం గొట్టాల స్కోపులు .22 రైఫిళ్ల మీద ఇంటింటా కనిపించాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ అద్దాలు చవకగా రావడంతో డేవిడ్ బుష్నెల్ లాంటివాళ్లు వాటిని దిగుమతి చేసి అమ్మారు. ఇప్పుడు బడ్జెట్ స్కోపుల్లో ఎక్కువ భాగం చైనా, ఫిలిప్పీన్స్ దేశాల్లో తయారవుతున్నాయి.

ముప్పాతిక అంగుళం గొట్టాల కాలం దాదాపు ముగిసింది. రైఫిల్‌తో పాటు ఉచితంగా ఇచ్చే 4×15, 4×20 స్కోపుల్లో మాత్రం అవి ఇంకా కనిపిస్తాయి. ముందు అద్దం మరీ చిన్నది కావడంతో సందెవేళ చీకటిగా ఉంటాయి. ఇవాళ కొనేవాళ్లు కనీసం ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్ల గొట్టమున్నదాన్నే కొనాలి. రింగులు సులువుగా దొరికేదీ ఆ కొలతకే.

స్కోప్ ఎందుకు?

రైఫిల్‌తో వచ్చే ఇనుప సైట్లతో గురి చూడాలంటే కన్ను ఒకేసారి మూడు చోట్ల నిలవాలి. వెనుక గాడి, ముందు మొన, దూరాన లక్ష్యం. పదహారేళ్ల కన్నుకు అది కష్టమనిపించదు. నలభై దాటి చత్వారం వచ్చిన కన్నుకు వెనుక గాడి మసకబారుతుంది, ముందు మొన రెండుగా కనిపిస్తుంది. స్కోప్‌లో గీతలూ లక్ష్యమూ ఒకే తలం మీద పడతాయి. కన్ను ఒక్కచోట నిలిస్తే సరిపోతుంది. అందుకే స్కోప్ వల్ల ఎక్కువ మేలు పొందేది పెద్ద వయసువాళ్లూ, చూపు సరిగా లేనివాళ్లూ.

అయితే గీతలు మీ కంటికి స్పష్టంగా కనిపించేలా సరిచేసుకోవాలి. కంటి వైపున ఉండే ఫోకస్ రింగ్ పని అదే. ఖాళీ రైఫిల్‌ను సురక్షితమైన దిశలో పెట్టి, స్కోప్‌ను తెల్లటి గోడ వైపు లేదా సూర్యుడు లేని ఆకాశం వైపు తిప్పి, రెండు మూడు సెకన్లు మాత్రమే చూస్తూ, గీతలు నల్లగా చురుగ్గా కనిపించే వరకు రింగ్ తిప్పాలి. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుపోయి మనల్ని మోసం చేస్తుంది. చాలామంది ఈ పని చేయకుండానే అద్దం బాగాలేదని స్కోప్‌ను తిరిగి ఇచ్చేస్తారు.

చిన్న తూటా, చిన్న దూరం

.22 తూటా బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. బ్యారెల్ నుంచి బయటపడేటప్పుడు దాని వేగం రకాన్ని బట్టి సెకనుకు సుమారు 320 నుంచి 380 మీటర్లు. పెద్ద రైఫిళ్ల తూటాలు దీనికి రెండు మూడింతల వేగంతో వెళతాయి. కాబట్టి .22 తూటా త్వరగా కిందికి దిగుతుంది, గాలికి తేలిగ్గా పక్కకు పోతుంది. 50 గజాలకు గురి సరిచేసిన రైఫిల్‌తో 100 గజాల్లో కాలిస్తే తూటా ఆరేడు అంగుళాలు కింద పడుతుంది. గంటకు పది మైళ్ల వేగంతో అడ్డంగా వీచే గాలి అదే దూరంలో దాన్ని నాలుగైదు అంగుళాలు పక్కకు నెడుతుంది.

అందుకే .22 పనంతా ఎక్కువగా 25 నుంచి 75 గజాల మధ్యే ఉంటుంది. కాగితపు లక్ష్యాలు 25, 50 గజాల్లో ఉంటాయి. చెట్టు మీది ఉడుత కూడా ఆ దూరంలోనే ఉంటుంది. ఈ స్కోప్ చేయాల్సిన పని దగ్గరి లక్ష్యాన్ని ఖచ్చితంగా చూపించడం. వెయ్యి గజాల స్కోపులకు ఉండే హంగులు దీనికి అక్కర్లేదు.

ఈ తూటా తన్నకపోవడం కూడా కొనుగోలుదారుకు కలిసొస్తుంది. పెద్ద రైఫిల్ కిక్‌ను తట్టుకునేలా స్కోప్ లోపలి భాగాలను బిగించడానికి తయారీదారు చాలా ఖర్చు పెట్టాలి. .22 మీద ఆ ఒత్తిడి లేదు. మామూలు బిగింపున్న స్కోప్ కూడా దీని మీద ఏళ్ల తరబడి నిలుస్తుంది. చవక స్కోప్ అంటే చెత్త స్కోప్ అన్న మాట పెద్ద రైఫిళ్ల విషయంలో చాలాసార్లు నిజమవుతుంది. .22 విషయంలో అది పూర్తి నిజం కాదు.

అసలు కీలకం పారలాక్స్

కారులో డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్న మనిషికి స్పీడోమీటర్ ముల్లు అసలు వేగం కంటే కాస్త పక్కన ఉన్నట్టు కనిపిస్తుంది. ముల్లుకూ దాని వెనుక అంకెలకూ మధ్య ఖాళీ ఉండటమే కారణం. స్కోప్‌లో గీతలకూ లక్ష్యపు ప్రతిబింబానికీ మధ్య అలాంటి ఖాళీ ఉంటే, కన్ను కాస్త పక్కకు జరిగినా గీతలు లక్ష్యం మీద జరిగిపోతాయి. రైఫిల్ కదలదు, గురి మాత్రం కదులుతుంది. దీన్నే పారలాక్స్ అంటారు.

ప్రతి స్కోప్‌నూ ఏదో ఒక దూరంలో ఈ తేడా లేకుండా ఫ్యాక్టరీలో సరిచేస్తారు. పెద్ద రైఫిళ్ల స్కోపులకు ఆ దూరం 100 లేదా 150 గజాలు. .22 స్కోపులకు 50 గజాలు, కొన్నింటికి 60. పెద్ద రైఫిల్ కోసం తయారైన 40 మిల్లీమీటర్ల స్కోప్‌ను 100 గజాలకు సరిచేశారనుకోండి. దానితో 25 గజాల లక్ష్యాన్ని చూస్తూ కన్నును పూర్తిగా అంచుకు జరిపితే గురి 15 మిల్లీమీటర్ల వరకు తప్పుతుంది. 50 గజాలకు సరిచేసిన 32 మిల్లీమీటర్ల స్కోప్‌లో అదే తప్పు 8 మిల్లీమీటర్లకు మించదు. ఇక 50 గజాల దగ్గర అసలు తప్పే ఉండదు.

ఉడుత తల అంగుళం, అంగుళమున్నర ఉంటుంది. కాగితం మీద పోటీపడేవాళ్లు అంతకంటే చిన్న చోటిలో ఐదు తూటాలు పడాలనుకుంటారు. వాళ్లకు 15 మిల్లీమీటర్లంటే పోటీ ఓడిపోవడమే. ఖరీదైన పెద్ద స్కోప్ తెచ్చి .22 మీద పెట్టి, గురి కుదరడం లేదని రైఫిల్‌ను నిందించేవాళ్లు చాలామంది ఉన్నారు. తప్పు రైఫిల్‌ది కాదు, అద్దంలోనూ లోపం లేదు. ఆ రెండూ వేర్వేరు దూరాల కోసం పుట్టాయి, అంతే.

25 గజాల నుంచి 100 గజాల వరకు రకరకాల దూరాల్లో కాల్చాలనుకునేవాళ్లు ఏఓ అని రాసి ఉన్న స్కోప్ తీసుకోవాలి. వాటి ముందు అద్దం దగ్గర తిప్పే రింగ్ ఉంటుంది. దాని మీద దూరాల అంకెలుంటాయి. కొన్నింటిలో ఈ ఏర్పాటు పక్కన గుండీలా ఉంటుంది. దీనికి ముప్ఫై, నలభై డాలర్లు ఎక్కువైనా ఆ డబ్బు వృథా కాదు. అది లేని స్కోప్ ఇప్పటికే చేతిలో ఉంటే, చెంపను రైఫిల్ మడమ మీద ప్రతిసారీ ఒకేచోట ఆన్చడం అలవాటు చేసుకోవాలి. కన్ను సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు పారలాక్స్ తప్పు ఉండదు.

ఎన్ని రెట్లు చాలు?

స్కోప్ మీద 3-9×32 అని ఉంటే లక్ష్యాన్ని మూడు నుంచి తొమ్మిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వ్యాసం 32 మిల్లీమీటర్లని అర్థం. కొనేవాళ్ల కన్ను మొదట పడేది తొమ్మిది మీదే. 24 రెట్లున్నది కనిపిస్తే మనసు అటే లాగుతుంది.

రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర తగ్గిపోతుంది. కొమ్మ మారిన ఉడుతను వెతుక్కునేలోపు అది మాయమవుతుంది. చేతి వణుకూ, గుండె చప్పుడూ అంతే రెట్లు పెద్దవై కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఆ వణుకు చూసి బెదిరి ట్రిగ్గర్‌ను లాగేస్తారు. వెలుతురు కూడా తగ్గుతుంది. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతి కట్ట వెడల్పు వస్తుంది. 32 మిల్లీమీటర్లను 4తో భాగిస్తే 8. సందె చీకటిలో మన కంటిపాప సాధారణంగా ఏడు మిల్లీమీటర్లు దాటదు కాబట్టి అది పుష్కలం. అదే అద్దాన్ని 16 రెట్లకు వాడితే రెండే మిల్లీమీటర్లు మిగులుతాయి. సూర్యుడు దిగగానే బొమ్మ నల్లబడుతుంది.

అమెరికాలో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ నిర్వహించే రిమ్‌ఫైర్ స్పోర్టర్ అనే .22 పోటీల్లో స్కోప్ విభాగం ఉంది. లక్ష్యాలు 25, 50 గజాల్లో ఉంటాయి. ఆ విభాగంలో స్కోప్ ఆరు రెట్లకు మించకూడదన్నది నిబంధన. ఆ ఆరు రెట్లతోనే పోటీదారులు పతకాలు గెలుస్తున్నారు. నేర్చుకునేవాళ్లకు కదలని 4 రెట్ల స్కోప్ గానీ, 2-7 గానీ, 3-9 గానీ చాలు. 100 గజాల్లో కాగితం మీద రంధ్రాలు లెక్కపెట్టుకోవాలనుకునేవాళ్లకు 4-12 సరిపోతుంది. ఆ పైన పెట్టే డబ్బుకు .22 నుంచి ప్రతిఫలం అరుదు.

గాజు, పూత, గొట్టం

పూత లేని గాజు ఉపరితలం తన మీద పడిన వెలుతురులో దాదాపు 4 శాతాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. స్కోప్‌లో అలాంటి ఉపరితలాలు పది ఉన్నాయనుకుంటే మూడో వంతు వెలుతురు దారిలోనే పోతుంది. తిరిగొచ్చిన ఆ వెలుతురే లోపల చెదిరి బొమ్మను పాలిపోయినట్టు చేస్తుంది. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టిన పలుచటి పూత ఈ నష్టాన్ని బాగా తగ్గించింది. ఈనాటి బడ్జెట్ స్కోపుల్లో ఎక్కువవాటికి ఏదో ఒక పూత ఉంటుంది. తేడా ఎన్ని పొరలు, ఎన్ని ఉపరితలాల మీద అన్నదే. ‘ఫుల్లీ మల్టీ కోటెడ్’ అని రాసి ఉంటే గాలి తగిలే ప్రతి ఉపరితలం మీదా పలు పొరలున్నాయని అర్థం. ఉత్త ‘కోటెడ్’ అంటే ఎక్కడో ఒకచోట ఒక పొర ఉందని మాత్రమే.

షాపులో చూసేటప్పుడు లైట్ల కింద చూసి మురిసిపోకూడదు. ఎక్కువ వెలుతురులో ఏ స్కోపైనా బాగానే కనిపిస్తుంది. షాపు తలుపు దగ్గరికి తీసుకెళ్లి, అవతలి భవనం నీడలో ఉన్న మూలను చూడాలి. అక్కడి ఇటుకల అంచులు విడివిడిగా కనిపిస్తే గాజు మంచిదే. బొమ్మ అంచుల్లో రంగులు చిమ్ముతున్నా, మధ్యలో స్పష్టంగా ఉండి పక్కల మసకబారుతున్నా ఇంకొకటి చూడాలి. గొట్టంలో నైట్రోజన్ నింపి, రబ్బరు రింగులతో మూసినది అయితే చలిలోంచి ఇంట్లోకి వచ్చినప్పుడు లోపల ఆవిరి పట్టదు.

క్లిక్కుల నిజాయితీ

స్కోప్ మీద రెండు టరెట్లు ఉంటాయి. ఒకటి గురిని పైకీ కిందికీ, రెండోది ఎడమకూ కుడికీ జరుపుతుంది. ఎక్కువ స్కోపుల్లో ఒక క్లిక్ అంటే 100 గజాల్లో పావు అంగుళం. 50 గజాల్లో అది అంగుళంలో ఎనిమిదో వంతు అవుతుంది. 25 గజాల్లో గురిని ఒక అంగుళం జరపాలంటే పదహారు క్లిక్కులు తిప్పాలి. ఈ లెక్క తెలియక రెండు క్లిక్కులు తిప్పి, ఏమీ మారలేదని విసిగిపోయేవాళ్లే ఎక్కువ.

చవక స్కోపుల్లో కనిపించే పెద్ద లోపం ఈ క్లిక్కుల దగ్గరే. చప్పుడు చేస్తాయి, కదలవు. లేదా నాలుగు క్లిక్కులు కదలకుండా ఉండి ఐదోదానికి ఒక్కసారిగా దూకుతాయి. దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచులతో స్థిరంగా పెట్టి, ఒకే చుక్కకు గురిపెట్టి మూడు తూటాలు కాల్చాలి. తర్వాత ఇరవై క్లిక్కులు పైకి తిప్పి మూడు, ఇరవై కుడికి తిప్పి మూడు, ఇరవై కిందికి తిప్పి మూడు కాల్చాలి. ఆఖర్న ఇరవై ఎడమకు తిప్పి మళ్లీ మూడు. గురి మాత్రం ఎప్పుడూ ఆ మొదటి చుక్క మీదే ఉండాలి. కాగితం మీద చతురస్రం ఏర్పడి, చివరి మూడు తూటాలు మొదటి మూడింటి మీద పడితే ఆ స్కోప్‌ను నమ్మవచ్చు. పడకపోతే వాపసు గడువు ముగిసేలోపు తిరిగి ఇచ్చేయాలి.

మరచిపోయే ఖర్చు రింగులు

గురి తప్పడానికి సడలిన రింగు కూడా తరచూ కారణమవుతుంది. స్కోప్‌కు నూటయాభై పెట్టి, రింగులకు ఐదు డాలర్లు పెట్టడం వల్ల వచ్చే తంటా ఇది. చాలా .22 రైఫిళ్ల పైభాగంలో 11 మిల్లీమీటర్ల వెడల్పున గాడి చెక్కి ఉంటుంది. కొన్నింటికి వీవర్ లేదా పికటినీ పట్టీ ఉంటుంది. ఒకదాని రింగులు రెండోదానికి సరిపోవు. కొనేముందు మీ రైఫిల్ మీద ఉన్నదేమిటో చూసుకోండి. స్కోప్ బ్యారెల్‌ను తాకకుండా ఉండగలిగినంత కిందికి కూర్చునే రింగులే మంచివి. అప్పుడే చెంప మడమ మీద సహజంగా ఆనుతుంది.

మరలను ఒకేసారి బలంగా బిగించకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని కొద్దికొద్దిగా బిగించాలి. ఎక్కువ బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. నిలువు గీత నిజంగా నిలువుగా ఉందో లేదో దూరాన వేలాడదీసిన దారంతో సరిచూసుకోవాలి. బోల్ట్ రైఫిల్ అయితే బోల్ట్ తీసి, బ్యారెల్ లోంచి 25 గజాల్లోని లక్ష్యాన్ని చూస్తూ గీతలను దాని మీదికి తెచ్చుకుంటే మొదటి తూటా కాగితం మీదే పడుతుంది. పెట్టె తూటాలు మిగులుతాయి.

ఏ ధరలో ఏముంది?

అమెరికా మార్కెట్లో 50 నుంచి 70 డాలర్ల మధ్య సిమన్స్ .22 మాగ్ 3-9×32 లాంటివి దొరుకుతాయి. పారలాక్స్ 50 గజాలకు సరిచేసి ఉంటుంది, రింగులు పెట్టెలోనే వస్తాయి. గాజు మామూలుదే, క్లిక్కులు మెత్తగా ఉంటాయి. ఒకసారి గురి సరిచేసి వదిలేసేవాళ్లకు ఇది చాలు. పిల్లవాడి మొదటి రైఫిల్‌కు ఇంతకంటే ఖర్చు అనవసరం.

130 నుంచి 200 వరకు వెళితే వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2 రిమ్‌ఫైర్ 2-7×32 వంటివి వస్తాయి. గాజు తేడా సందెవేళ స్పష్టంగా తెలుస్తుంది. క్లిక్కులు చేతికి తగిలేలా ఉంటాయి. ఇదే ధరల్లో ఏఓ ఉన్న 4-12 రకాలూ దొరుకుతాయి. పెట్టిన ప్రతి డాలరుకూ ఎక్కువ ఫలితం వచ్చే మెట్టు ఇదేనని నా నమ్మకం.

250 దాటాక లూపోల్డ్ విఎక్స్-ఫ్రీడమ్ రిమ్‌ఫైర్ వంటివి ఉన్నాయి. బరువు తక్కువ, గాజు ఇంకా బాగుంటుంది. జీవితకాలం ఒకే స్కోప్ వాడాలనుకునేవాళ్లకు మంచి ఎంపిక. ఆ పైన ప్రతి వంద డాలర్లకూ వచ్చే లాభం తగ్గుతూ పోతుంది. ఎన్‌ఆర్‌ఎల్22 అనే .22 పోటీల్లో బేస్ క్లాస్ అని ఒక విభాగం ఉంది. రైఫిల్, స్కోప్ కలిపి ధర ఒక పరిమితి దాటకూడదన్నది అందులో నియమం. డబ్బున్నవాడూ లేనివాడూ సమానంగా పోటీపడాలన్న ఆ ఆలోచనను మెచ్చుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు వారంటీ ఎవరిదో అడగాలి. లూపోల్డ్, వోర్టెక్స్ హామీ స్కోప్‌తో పాటే వెళుతుంది, మొదట కొన్నదెవరని అడగరు. నికాన్ రైఫిల్ స్కోపుల వ్యాపారం నుంచి తప్పుకుంది. దాని పాత .22 స్కోపులు మంచివే అయినా, ఆ సంగతి తెలిసి ధర బేరమాడాలి.

ఎయిర్ రైఫిల్‌కు వేరే లెక్క

మన దగ్గర చాలామందికి తెలిసిన స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ బొమ్మలా కనిపిస్తుంది కానీ స్కోపుల పాలిట అది గడ్డు పరీక్ష. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోతుంది, రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ కొసకు చేరి ఆగగానే రైఫిల్ ముందుకు కుదుపుతుంది. మామూలు స్కోపులు వెనుక వైపు తాకిడిని తట్టుకునేలా తయారవుతాయి. ఈ రెండువైపుల కుదుపుకు లోపలి అద్దాలు సడలిపోతాయి. పెద్ద రైఫిల్ మీద పదేళ్లు నిలిచిన స్కోప్ కూడా స్ప్రింగ్ రైఫిల్ మీద పాడైపోవచ్చు. దీనికి ఎయిర్ రైఫిల్ కోసమని స్పష్టంగా రాసినదే కొనాలి. పారలాక్స్ పది గజాల వరకు సరిచేసుకునే వీలుండాలి. స్కోప్ వెనక్కి జారకుండా ఆపే అడ్డుకట్ట కూడా పెట్టించుకోవాలి.

మనవాళ్లు తెలుసుకోవాల్సినవి

భారత్‌లో .22 రైఫిల్‌కు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కాబట్టి ఇక్కడ ఇది పూర్తిగా క్రీడ. ఆ క్రీడలో ఒలింపిక్ రైఫిల్ పోటీల నియమాల ప్రకారం దూరదర్శిని స్కోపులకు చోటు లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు గెలిచాడు. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్‌లో కంచు తెచ్చింది .22 తూటాతోనే. అక్కడ పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు. ఇద్దరూ చూసింది సన్నటి రంధ్రమున్న సైట్‌లోంచి. హైదరాబాద్‌లో గానీ, విశాఖలో గానీ పిల్లలను ఈ క్రీడలో చేర్పించాలనుకునే తల్లిదండ్రులు స్కోప్ కొనక్కర్లేదు. ఆ డబ్బు శిక్షణకు, మంచి షూటింగ్ జాకెట్‌కు పెట్టండి.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు రెండు హెచ్చరికలు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని చేతబట్టడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. స్నేహితులు సరదాగా పిలిచినా ముందు లాయరును అడగండి. రెండోది, రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి. ఊరికి వచ్చేటప్పుడు బావమరిదికి కానుకగా సూట్‌కేసులో పెట్టుకురావద్దు.

అన్నిటికంటే ముందు భద్రత

స్కోప్‌ను బైనాక్యులర్‌లా వాడకూడదు. పొదలో కదిలింది ఏమిటో చూడాలని స్కోప్ ఎత్తితే, స్కోప్‌తో పాటు బ్యారెల్ కూడా దాని మీదికి తిరుగుతుంది. అక్కడ ఉన్నది మనిషి కావచ్చు. గుర్తుపట్టడానికి విడిగా బైనాక్యులర్ ఉండాలి. .22 తూటా చిన్నదే కానీ మైలున్నర దూరం వెళ్లగలదని తూటాల పెట్టెల మీదే హెచ్చరిక ఉంటుంది. లక్ష్యం వెనుక మట్టికట్ట లేకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

కొనేముందు ఐదు ప్రశ్నలు

1. పారలాక్స్ 50 లేదా 60 గజాలకు సరిచేసి ఉందా, లేక ఏఓ ఉందా?
2. రెట్లు 2-7, 3-9, మహా అయితే 4-12 లోపే ఉన్నాయా?
3. గొట్టం అంగుళానిదేనా, అద్దాలు ఫుల్లీ మల్టీ కోటెడ్‌వేనా?
4. రింగులు మీ రైఫిల్ గాడికి సరిపోతాయా?
5. క్లిక్కుల పరీక్షలో విఫలమైతే వాపసు తీసుకుంటారా?

ఈ ఐదింటికీ అవునన్న సమాధానం వస్తే ధర చూడండి. మీ బడ్జెట్‌లో ఉంటే కొనేయండి, పక్క అరలోని ఖరీదైనదాని వైపు చూడకండి. మిగిలిన డబ్బుతో నాలుగైదు రకాల తూటాలు ఒక్కో పెట్టె కొనండి. .22 బ్యారెల్ ఒక్కోటి ఒక్కో తూటాను ఇష్టపడుతుంది. మీ రైఫిల్‌కు నచ్చిన తూటాను కనిపెడితే కలిగే మేలు, రెండు వందల డాలర్ల ఖరీదైన స్కోప్ వల్ల కలిగే మేలుకు తీసిపోదు. ఆ తర్వాత చేయాల్సింది అభ్యాసమే. దానికి పెట్టిన ప్రతి గంటా కాగితం మీద కనిపిస్తుంది.